పదిహేడో నంబరు ఇంటి తలుపు

"మేర్‌డాం నగరం ఇకపై అబద్ధమాడదు" అని మా సంస్కృతి, వారసత్వ శాఖల కౌన్సిలర్ లోడెవైక్ హాస్నోట్‌గారు మార్చి మూడో తారీఖున టౌన్‌హాలు మెట్ల మీద నిలబడి ప్రకటించారు. వాన పడుతోంది. మా నాయకులకి గొడుగు పట్టే మనుషులు ఉండరు గనక ఆయన తడుస్తూనే ప్రకటించారు. విన్నవాళ్ళు పద్నాలుగు మంది. అందులో తొమ్మిది మంది పక్కనే ఉన్న చేపల బండి దగ్గర, చేప మీద చల్లే ఉల్లిపాయ ముక్కల కోసం నిలబడ్డవాళ్ళు.

మా ఊరు అప్పటిదాకా అబద్ధమాడుతోందని ఎవరికీ తెలియదు. కౌన్సిలర్‌గారు విడమరిచి చెప్పారు. ఉప్పుకాలువ గట్టు మీది ఇళ్ళన్నీ పదిహేడో శతాబ్దానివని బోర్డులు చెబుతున్నాయి. తీరా చూస్తే వాటికి పందొమ్మిదో శతాబ్దపు కిటికీలు, ఇరవయ్యో శతాబ్దపు గొట్టాలు ఉన్నాయి, లోపల ఇరవై ఒకటో శతాబ్దపు మనుషులు కాపురాలు చేస్తున్నారు. ఇది చరిత్రని మోసం చెయ్యడమే. సెప్టెంబరులో ప్రాచీన నగరాల పోటీకి న్యాయనిర్ణేతలు వస్తున్నారు. ఈలోగా గట్టు మీది ప్రతి ఇల్లూ తాను పుట్టిన నాటి రూపానికి వెళ్ళిపోవాలి. పథకం పేరు 'నిజమైన మేర్‌డాం'.

"పోయినసారి మనకి పదకొండో స్థానం వచ్చింది" అన్నారాయన గంభీరంగా. పోటీలో పాల్గొన్న ఊళ్ళు ఎన్నని ఒక విలేఖరి అడిగాడు. పదకొండు అని కౌన్సిలర్‌గారు దాపరికం లేకుండా చెప్పారు. ఆయన నిజాయితీ అలాంటిది.

ఆయన అక్కడ తడుస్తున్న సమయానికే, ఉప్పుకాలువ గట్టు పదిహేడో నంబరు ఇంట్లో ఫెమ్మీ డ్రోస్ట్ ఒక ముసలాయన కాలి బొటనవేలు ఒళ్ళో పెట్టుకుని, లోపలికి పెరిగిన గోరు తీస్తోంది. ఆవిడ వృత్తి అదే. పాదాలు కడగడం, ఆనెకాయలు కోయడం, గోళ్ళు సవరించడం. ఇరవై రెండేళ్ళుగా ముందు గదిలో ఒక ఎత్తు కుర్చీ, ఒక దీపం, ఒక వేణ్ణీళ్ళ తొట్టి పెట్టుకుని చేస్తోంది. వచ్చేవాళ్ళు ముప్పై ఎనిమిది మంది, దాదాపు అందరూ డెబ్బై దాటినవాళ్ళు, తమ పాదాలు తమకి అందనివాళ్ళు. వీధిలోంచి తలుపు తోసుకుని మూడడుగులు వేస్తే కుర్చీ. ఫెమ్మీ తినే రొట్టే, జున్నూ ఆ మూడడుగుల్లోనే ఉన్నాయి.

ఆ తలుపుకి రంగు పెచ్చులూడుతోంది. మళ్ళీ అదే ఆకుపచ్చ రంగు వేసుకుంటానని ఫెమ్మీ అంతకు ముందు వారమే టౌన్‌హాలుకి ఒక కాగితం పెట్టింది. ఆ సంగతి విని, ఎదురుగా కాలువలో పాత సరుకుల పడవ మీద కాపురముంటున్న ఎవెర్ట్ తల పట్టుకున్నాడు. ఆయన నలభై ఏళ్ళు పడవలు నడిపి విశ్రాంతి తీసుకుంటున్నవాడు.

"పర్మిషన్ అడిగావా? నీకేమన్నా మతిపోయిందా ఫెమ్మీ? ఓ ఆదివారం పొద్దున్న డబ్బా తెచ్చి పూసేసుకుంటే అడిగేవాడెవడు?"

"పాత ఇల్లు కదా ఎవెర్టూ. అడగాలని రూలుంది."

"రూలు ప్రకారం నా పడవ ఇక్కడుండకూడదు. పంతొమ్మిదేళ్ళ నుంచి ఉంది. ఎందుకనుకున్నావ్? అడగలేదు కాబట్టి."

ఫెమ్మీ నవ్వేసింది. రూలంటే గౌరవమున్న మనిషి.

పథకం ప్రకటించాక కౌన్సిలర్‌గారికి మొదలుపెట్టడానికి ఒక ఇల్లు కావాల్సి వచ్చింది. గట్టు మీద మిగతా వాళ్ళెవరూ ఏ కాగితమూ పెట్టలేదు గనక, ఆయన బల్ల మీద ఫెమ్మీ కాగితం ఒక్కటే ఉంది.

సోమవారం పొద్దున్న డాక్టర్ టెమ్మింగ్ వచ్చింది. ఈవిడ మనుషుల డాక్టరు కాదు, పాత రంగుల్లో డాక్టరేటు పుచ్చుకున్న పండితురాలు. ఫెమ్మీ కాఫీ ఇచ్చి, డబ్బా మూత తీసి ఒక బిస్కెట్టు ఇచ్చి, మూత పెట్టేసింది. పండితురాలు బిస్కెట్టు తిని, సంచీలోంచి చిన్న కత్తి తీసి, తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని గీకడం మొదలుపెట్టింది. మూడు రోజులు గీకింది. పాదాలు చూపించుకోవడానికి వచ్చినవాళ్ళు ఆవిడని దాటుకుని లోపలికి వెళ్ళారు.

"అమ్మాయ్, కాస్త పక్కకి జరుగుతావా? కాలు సలుపుతోంది" అంది టోనియా అనే ఎనభై ఏళ్ళావిడ. షుగరు మనిషి. ఇరవై ఏళ్ళుగా ఫెమ్మీ తప్ప ఆవిడ పాదాలు ఇంకెవరూ ముట్టుకోలేదు.

"ఒక్క నిమిషమండీ. నేను 1780లో ఉన్నాను" అంది డాక్టర్ టెమ్మింగ్ తలెత్తకుండా.

మొత్తం పదకొండు పొరలు తేలాయి. ఏ పొర నిజమో తేల్చడానికి కౌన్సిలర్‌గారు సమావేశం పెట్టారు. ముదురాకుపచ్చే నిజమని నూరేళ్ళనాటి వస్తువుల అభిమానులు, ఎద్దు నెత్తురు రంగే నిజమని స్వర్ణయుగ మిత్రమండలి, ఎవరేమనుకున్నా తెలుపైతే ఫోటోల్లో బాగా పడుతుందని వర్తక సంఘం. ఓటు పెట్టి ఒకరిని ఓడించడం మా ఊళ్ళో మర్యాద కాదు. అందరూ ఒప్పుకునేదాకా కాఫీ పోస్తూనే ఉంటారు. ఏడో ఫ్లాస్కు దగ్గర అందరూ ఒప్పుకున్నారు. ఎవరి రంగూ వద్దు. రంగులన్నీ తీసేసి అడుగున ఉన్న చెక్క దాకా వెళ్దాం. చెక్క ఏ సంఘానికీ చెందదు.

చెక్క దాకా వెళ్ళాక దాని చారలు లెక్కపెట్టారు. ఆ చెట్టుని 1920లో కొట్టారని తేలింది. డాక్టర్ టెమ్మింగ్ 1780 అనుకున్న రంగు కూడా దాని తర్వాతదే.

"అంటే ఈ తలుపే అబద్ధం" అన్నారు కౌన్సిలర్‌గారు. ఆయన గొంతులో బాధ ఉంది. తలుపు పక్కనే ఫెమ్మీ నిలబడి ఉంది గనక, "ఇందులో మీ తప్పేం లేదమ్మా. మీరు నమ్మి వాడుకున్నారు" అని ఓదార్చారు కూడా.

తలుపుని ఊడదీసి, దుప్పట్లో చుట్టి, మరింత పరిశోధన కోసం టౌన్‌హాలు గోడౌనుకి తీసుకెళ్ళారు. రసీదు ఇచ్చారు. ఖాళీ అయిన ద్వారానికి నీలం టార్పాలిన్ కట్టారు. ఫెమ్మీకి చలిగా ఉంది గానీ, ముప్పై ఎనిమిది మందీ టార్పాలిన్ ఎత్తుకుని వస్తూనే ఉన్నారు. సరేలే, కొత్త తలుపు వస్తుంది కదా అనుకుంది.

ఏప్రిల్ నెలాఖరున డాక్టర్ టెమ్మింగ్ పాత పత్రాల భాండాగారంలో ఒక బొమ్మ కనిపెట్టింది. 1661లో ఎవరో సిరాతో గీసినది. కింద 'ఉప్పుకాలువ, వాల్‌రావెన్‌గారి ఉప్పు కొట్టు' అని రాసి ఉంది. అదే పదిహేడో నంబరు. బొమ్మలో ఊచలున్న చిన్న కిటికీలు మూడు ఉన్నాయి. ఇప్పుడూ ఉన్నట్టే పైన అటక దగ్గర ఒక కంత, దాని మీద బస్తాలు లాగే దూలం ఉన్నాయి. పక్కన పెద్ద చర్చి శిఖరం ఉంది. తలుపు లేదు.

కౌన్సిలర్‌గారు ఆ బొమ్మని రెండు చేతులతో పట్టుకుని కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళారు.

"మూడు వందల అరవై ఏళ్ళు" అన్నారు. "మూడు వందల అరవై ఏళ్ళుగా మనం ఈ ఇంట్లోకి తప్పుడు దారిన వెళ్తున్నాం."

"మరి నేనెటు వెళ్ళాలండీ?" అంది ఫెమ్మీ.

"అద్భుతమైన ప్రశ్న!" అని కౌన్సిలర్‌గారు జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నారు. "ప్రజాస్వామ్యానికి ఇలాంటి ప్రశ్నలే ఊపిరి. దీనికోసమే ఒక సభ పెడదాం. మీరు తప్పకుండా రావాలి."

సభకి హాలు దొరకడానికి ఐదు వారాలు పట్టింది. గోడ కట్టడానికి నాలుగు రోజులు చాలింది.

చేత్తో చేసిన ఇటుకలు, గవ్వల సున్నం. మంచి పనివాడు. ఆఖరి వరసలు పెట్టేముందు ఆ మేస్త్రీ తాపీ పక్కన పెట్టి, టోపీ తీసి, కంతలోంచి తొంగి చూశాడు.

"అమ్మగారూ, మీరు లోపలా, బయటా?"

ఫెమ్మీ వెనక్కి తిరిగి గది చూసుకుంది. మంచం లోపలుంది. కుర్చీ, దీపం, తొట్టి లోపలున్నాయి. రేపు పదింటికి రావాల్సిన టోనియా మటుకు బయటుంది. కిటికీలకి బొమ్మలో ఉన్నట్టే ఊచలు బిగించేశారు. వెనక గోడ నూటయాభై ఏళ్ళుగా రొట్టెల దుకాణం పొయ్యికి ఆనుకుని ఉంది. మేస్త్రీ ఓపిగ్గా నిలబడ్డాడు.

"లోపలే" అంది ఫెమ్మీ.

"మంచిదమ్మా" అని అతను మిగతా ఇటుకలు పేర్చేశాడు.

మర్నాడు పొద్దున్న ఫెమ్మీ అటక ఎక్కి కంత తెరిచి ఎవెర్ట్‌ని కేకేసింది. ఎవెర్ట్ ముందు తిట్టాడు. టౌన్‌హాలుని తిట్టాడు, తర్వాత పర్మిషన్ అడిగినందుకు ఫెమ్మీని తిట్టాడు. తిడుతూనే పడవలోంచి మోకు, కప్పీ, తెరచాప కొయ్య ఎక్కేటప్పుడు నావికులు కూర్చునే పలక తెచ్చి, మోకు కొస పైకి విసిరి, ఫెమ్మీ చేతే దూలానికి తగిలింపించి ఆవిడని కిందికి దింపాడు. సరిగ్గా ఆవిడ గాలిలో ఉండగా టౌన్‌హాలు ఇన్‌స్పెక్టరు సైకిల్ మీద వచ్చాడు. ఎవెర్ట్ మోకు వదలలేక, పారిపోలేక అలాగే నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్టరు సైకిల్ దిగి, మొబైల్‌తో నాలుగు ఫోటోలు తీసుకున్నాడు. మధ్యాహ్నానికల్లా కౌన్సిలర్‌గారి ప్రకటన వచ్చింది: దూలం మళ్ళీ తన పుట్టుక ధర్మాన్ని నెరవేరుస్తోంది, ఈ చొరవ చూపిన ఇంటావిడకి నగరం రుణపడి ఉంటుంది.

సభ జూన్ మొదటి వారంలో జరిగింది. నలభై మంది వచ్చారు. ఒక్కొక్కరికి కాఫీ, బిస్కెట్టు, రెండు రంగుల చీటీలు ఇచ్చారు. పసుపు చీటీ మీద మీ ఆందోళన రాయండి, ఆకుపచ్చ చీటీ మీద మీ కల రాయండి, రాసి గోడకి అంటించండి. ఫెమ్మీ పసుపు చీటీ మీద 'నాకు తలుపు కావాలి' అని రాసి అంటించింది. సభ నడిపే అమ్మాయి దాన్ని చదివి, చిరునవ్వు నవ్వి, తీసి కలల వైపు అంటించింది.

"అది నా ఆందోళనమ్మా" అంది ఫెమ్మీ.

"మేం దేన్నీ ప్రతికూలంగా చూడమండీ" అంది ఆ అమ్మాయి.

అందరూ ఒప్పుకునేదాకా కాఫీ పోశారు. నాలుగో ఫ్లాస్కు దగ్గర తీర్మానం తయారైంది. పదిహేడో నంబరుకి రాకపోకలు నిలువుగా జరుగుతాయి, ఎక్కేవాళ్ళు హెల్మెట్ పెట్టుకోవాలి. హెల్మెట్ గోధుమ రంగులో ఉంటే గోడకి నప్పుతుందని స్వర్ణయుగ మిత్రమండలి సూచిస్తే అదీ చేర్చారు. అందరూ ఒకరికొకరు చేతులు కలుపుకున్నారు. ఫెమ్మీ కూడా కలిపింది. చెయ్యి చాపితే కలపకుండా ఎలా ఉంటాం?

ముప్పై ఎనిమిది మందిలో మోకు మీద వేలాడి గోళ్ళు తీయించుకోవడానికి తొమ్మిది మంది ఒప్పుకున్నారు. బ్రాండ్స్మా అనే ఎనభై నాలుగేళ్ళ మాజీ నావికుడికి అది ఎంత నచ్చిందంటే వారానికి రెండుసార్లు రావడం మొదలుపెట్టాడు. "తాతగారూ, ఉన్నవి పది వేళ్ళే, ఇక కత్తిరించడానికేం మిగల్లేదు" అని ఫెమ్మీ మొత్తుకునేది. "అయితే కాసేపు కూర్చోబెట్టి దింపెయ్" అనేవాడు.

గోడ లేచిన మర్నాడు వెనక్కి వెళ్ళిపోయిన టోనియా మళ్ళీ వచ్చింది. గోడ ముందు చేతికర్ర ఆనించుకుని నిలబడి పైకి చూసింది. హెల్మెట్ వైపు చూసింది. మోకు వైపు చూసింది.

"ఫెమ్మీ, నా వల్ల కాదే తల్లీ" అంది.

"ఉండు పిన్నీ, నేనే దిగొస్తున్నా."

ఫెమ్మీ తొట్టి, కత్తెరలు పట్టుకుని దిగింది. కాలువగట్టు బల్ల మీద టోనియాని కూర్చోబెట్టి, చినుకుల్లో, ఎవెర్ట్ పడవలోంచి వేణ్ణీళ్ళు అందిస్తుంటే పాదాలు కడిగింది. ఎడమ మడమ మీద చిన్న పుండు కనిపించింది. అది మూడు వారాల కిందటిది. తలుపు ఉండుంటే మొదటి వారంలోనే చూసేదాన్ని కదా అనుకుంది ఫెమ్మీ. మందు రాసి కట్టు కడుతుండగా యూనిఫాం వేసుకున్న మనిషి వచ్చి, చారిత్రక గట్టు మీద పాదాల సేవ చేయడానికి వీల్లేదని చాలా మర్యాదగా చెప్పాడు.

"మరెక్కడ చెయ్యమంటావయ్యా?" అంది ఫెమ్మీ.

"మీ ఇంట్లో చేసుకోండమ్మా. ఎవరూ ఏమీ అనరు."

టోనియా ఒక కాలికి మేజోడు లేకుండానే చెప్పు వేసుకుని వెళ్ళిపోయింది. ఆ పూట ఫెమ్మీ ఏడ్చింది. పైకి లాగుతూ ఎవెర్ట్ ఒక్క వెటకారం కూడా ఆడలేదు.

ఆగస్టుకల్లా ఆ 1661 నాటి బొమ్మని పెద్ద పోస్టర్లు చేసి గట్టు మీద ప్రతి దీపస్తంభానికీ తగిలించారు. ఒక రోజు పొద్దున్న సంతకి వెళ్ళొచ్చి, ఒళ్ళో క్యాబేజీలు పెట్టుకుని పైకి వెళ్తున్న ఫెమ్మీ మధ్యలో "ఆపు ఆపు" అంది. ఎవెర్ట్ ఆపాడు. రెండో అంతస్తు ఎత్తున, ఇంటికి ఎదురుగా వేలాడుతూ ఆవిడ కుడి చేతి వైపు చూసింది. పెద్ద చర్చి శిఖరం అక్కడుంది. దీపస్తంభం మీది పోస్టరు చూసింది. శిఖరం ఇంటికి ఎడమ పక్కన ఉంది.

"ఎవెర్టూ, చర్చిని ఎప్పుడన్నా అటు నుంచి ఇటు జరిపారా?"

"చర్చిని జరపడమేంటి? క్యాబేజీలు పడేస్తావ్, గట్టిగా పట్టుకో."

"మరి శిఖరం ఇంటికి ఎడం పక్కన కనబడాలంటే ఎక్కడ నిలబడాలి?"

ఎవెర్ట్ నలభై ఏళ్ళు శిఖరాలు చూసుకుని పడవ నడిపినవాడు. మోకు మెలేసి కట్టి, పోస్టరు దగ్గరికి నడిచి చూశాడు. తిరిగొచ్చి అన్నాడు: "రొట్టెల దుకాణంలో నిలబడాలి. దుకాణం కట్టకముందు అక్కడ సందుండేది. వాడు గీసింది నీ ఇంటి వీపు."

ఫెమ్మీ క్యాబేజీలతో సహా దిగిపోయి, సైకిలెక్కి టౌన్‌హాలుకి వెళ్ళింది. కౌన్సిలర్‌గారు వెంటనే లోపలికి పిలిచారు. ఆయన గది తలుపు ఎప్పుడూ అందరికీ తెరిచే ఉంటుంది. డాక్టర్ టెమ్మింగ్‌ని కూడా పిలిపించారు. ఆవిడ బొమ్మ వైపు నాలుగు నిమిషాలు చూసి, కళ్ళజోడు తీసేసింది.

"ఇది వెనక గోడే" అంది నెమ్మదిగా. "ముందు వైపు తలుపు ఉండే ఉంటుంది. ఉప్పు కొట్టుకి తలుపు లేకుండా ఎలా..."

కౌన్సిలర్‌గారు లేచి వెళ్ళి గది తలుపు మూసి వచ్చారు.

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"ఎవెర్ట్‌కి తెలుసండీ."

"ఆయన పడవకి పర్మిషన్ ఉందా?"

"లేదు..."

"అయితే ఆయనకీ తెలియదు."

ఫెమ్మీ ధైర్యం కూడగట్టుకుంది. "తలుపు ఉండేదని తేలింది కదండీ. మరి నా తలుపు నాకిచ్చేయండి."

"తేలినందుకు మీకంటే నాకే ఎక్కువ సంతోషంగా ఉందమ్మా. కానీ ఆ గోడ జూన్ పదో తారీఖున వారసత్వ జాబితాలో చేరిపోయింది. దానికి మేకు కొట్టినా నేరమే."

"మొన్న మే నెలలో కట్టిన గోడ కదండీ!"

"ప్రతి పురాతన వస్తువుకీ మొదట్లో ఒక మే నెల ఉంటుందమ్మా. అభ్యంతరాలు చెప్పుకోవడానికి ఆరు వారాలు గడువిచ్చాం. మీ దగ్గర్నుంచి ఒక్క ముక్క రాలేదు."

"నాకు నోటీసే రాలేదండీ!"

కౌన్సిలర్‌గారు ఫైలు తెప్పించారు. నోటీసు వెళ్ళింది. ఉత్తరాలు వేసే కంత తలుపుకే ఉంది, తలుపు గోడౌనులో ఉంది గనక, టౌన్‌హాలు మనిషి గోడౌనుకి వెళ్ళి, తలుపుని దుప్పట్లోంచి బయటికి తీసి, కంతలోంచి నోటీసు వేశాడు. అవతల పక్క నుంచి గోడౌను గుమాస్తా అందుకుని సంతకం పెట్టాడు. పదిహేడో నంబరు అని చిరునామా కూడా సరిగ్గానే ఉంది. పద్ధతిలో ఒక్క లోపం లేదు.

సెప్టెంబరులో న్యాయనిర్ణేతలు వచ్చారు. ముగ్గురు. వాళ్ళ పెద్ద ఒక రిటైరైన ప్రొఫెసరమ్మ. మోకాళ్ళు అరిగిపోయి చేతికర్ర మీద నడుస్తుంది. పాత గేటు చూశారు, తూకాల భవనం చూశారు, టౌన్‌హాలు గంటలు విన్నారు. పదిహేడో నంబరు దగ్గర ఆగిపోయారు. సరిగ్గా అప్పుడే బ్రాండ్స్మా తాతగారు గోధుమ రంగు హెల్మెట్ పెట్టుకుని, కాలువలోని బాతులకి చెయ్యి ఊపుతూ పైకి వెళ్తున్నాడు.

"ఇది అసామాన్యం" అంది ప్రొఫెసరమ్మ. "దేశం మొత్తం మీద ఇంత రాజీపడని ఇల్లు చూడలేదు. లోపల చూడొచ్చా?"

పక్కనున్నవాళ్ళందరూ ఆవిడ మోకాళ్ళ వైపు, తర్వాత మోకు వైపు చూశారు. అలాంటి క్షణాల్లోనే నాయకుడెవరో తెలుస్తుంది.

"సందర్శకుల ప్రవేశం వచ్చే నెలలో ప్రారంభమవుతోంది" అన్నారు కౌన్సిలర్‌గారు తడుముకోకుండా.

"గోడకి కంత పెడతారా?" అంది డాక్టర్ టెమ్మింగ్. ఆ మాట ఆవిడ నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"ప్రజాప్రయోజనం కోసం ప్రత్యేక మినహాయింపు" అన్నారాయన.

ప్రొఫెసరమ్మ తలూపింది. పాతదాన్ని నకిలీ చెయ్యకూడదని, కొత్తగా పెట్టేది కొత్తదని చూడగానే తెలియాలని ఆవిడ గుర్తు చేసింది. అది ఈ విద్యలో అందరూ పాటించే సూత్రమే. "గాజు తలుపు పెడతాం. దానంతటదే తెరుచుకుంటుంది" అన్నారు కౌన్సిలర్‌గారు. మేర్‌డాంకి మొదటి స్థానం వచ్చింది.

ఫెమ్మీకి ఆ వార్త ఎవెర్ట్ కింద నుంచి అరిచి చెప్పాడు. "తలుపొస్తోందే! పాత చోటే! గాజుది!" ఆవిడ అటక కంతలో కూర్చుని నవ్వింది. గాజుదైతేనేం, రేకుదైతేనేం. వానొచ్చినా ఎండొచ్చినా మూడడుగులు చాలు. సాయంత్రంలోగా ముప్పై ఎనిమిది మందికీ ఫోన్ చేసింది. అక్టోబరు ఏడో తారీఖు, పది గంటలకి, హెల్మెట్ అక్కర్లేదు, రండి. టోనియాకి రెండుసార్లు చేసింది. ఆవిడ మడమ మానలేదు. కొత్తపేటలో ఎవరికో చూపిస్తే ఇంకా ముదిరింది. "నువ్వు చూస్తేనే తగ్గుతుందే ఫెమ్మీ" అంది ఫోన్లో. "వచ్చెయ్ పిన్నీ. మొదటి కుర్చీ నీదే" అంది ఫెమ్మీ.

ఏడో తారీఖు పొద్దున్న కౌన్సిలర్‌గారు రిబ్బను కత్తిరించి, ఇల్లు ఊపిరి పీల్చుకుంటోందని చెప్పి, ఇంకో రిబ్బను కత్తిరించడానికి వెళ్ళిపోయారు. బ్రాండ్స్మా తాతగారితో సహా ముప్పై ఎనిమిది మందీ చేతికర్రలతో, నడక బళ్ళతో, ప్లాస్టిక్ చెప్పులతో సన్నటి వానలో వరసకట్టారు. ఫెమ్మీ ఇదే ఆఖరిసారి అనుకుని, ఎవెర్ట్ దింపుతుంటే మోకు మీద దిగి, టోనియా మోచెయ్యి పట్టుకుని వరస ముందుకి వచ్చింది.

గాజు తలుపు పక్కన బల్ల వేసుకుని కాపలా మనిషి కూర్చున్నాడు. కొత్త యూనిఫాం, చేతిలో కలం, ముందు ఒక పుస్తకం. చాలా మర్యాదస్తుడు. ఫెమ్మీని చూసి లేచి నిలబడ్డాడు.

"నమస్కారమమ్మా. ఇంట్లో ఉండేవాళ్ళా, సందర్శకులా?"

"ఇది నా ఇల్లేనయ్యా."

"అయితే మీరు పై నుంచి వెళ్ళాలమ్మా. ఇంట్లో ఉండేవాళ్ళు మోకు వాడాలి, అది చారిత్రక వాడుక. ఈ తలుపు సందర్శకులకి మాత్రమే."

"వీళ్ళంతా నా దగ్గరికి వచ్చినవాళ్ళు."

"ఇంటివాళ్ళ చుట్టాలూ పై నుంచేనమ్మా. సందర్శకులైతే సంతోషంగా రావచ్చు."

గాజులోంచి ముందు గది కనిపిస్తోంది. ఎత్తు కుర్చీ, దీపం, తొట్టి, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆవిడ మోకు మీద దిగేలోగానే చుట్టూ ఎర్ర తాడు కట్టేశారు. వెనక ఎవరో దగ్గారు. టోనియా కుంటి కాలు మీద బరువు వేయలేక ఫెమ్మీ భుజం పట్టుకుంది.

కాపలా మనిషి కలం మూత తీసి, పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, ఓపిగ్గా చూస్తున్నాడు.

"సందర్శకురాలిని" అంది ఫెమ్మీ.

అతను పేరు అడిగి రాసుకుని, కోటుకి ఒక గుండ్రటి చీటీ అంటించాడు. గాజు తలుపు దానంతటదే తెరుచుకుంది.

"ఐదింటికి అందరూ బయటికి వచ్చేయాలమ్మా" అన్నాడు. "లోపల వస్తువులేవీ ముట్టుకోకండి."